తోడు పథ్యం

నందిగామ బస్టాండు ఎదురు, జయమణిగారి టిఫిన్ హోటలు. పరగడుపు రక్తం ల్యాబులో ఇచ్చొచ్చి, తిన్నాక ఇవ్వాల్సిన రక్తం కోసం బయట బల్ల మీద కాలక్షేపం చేస్తున్నారు ఇద్దరు: ఆ ఊళ్ళోనే ఉండే వెంకటరత్నం, జగ్గయ్యపేట నుంచి పొద్దున్నే బస్సులో దిగిన అతని చిన్ననాటి స్నేహితుడు ముస్తఫా.

"ఇంకో ప్లేటు పునుగులు చెప్పనా?"

"చాలురా రత్నం. ఇప్పటికే రెండయినయి."

"అయితే ఏమైంది, తిను. జయమణిగారూ, మా ముస్తఫాకి ఇంకో ప్లేటు. అల్లప్పచ్చడి గట్టిగా వెయ్యండి. తర్వాత టీ. పంచదార మామూలుగానే."

"నువ్వేం ముట్టకుండా నాకు కుక్కుతావేందిరా?"

"నువ్వు తింటుంటే చూద్దామని."

"చూసేవాడి మొహం అట్టా ఉండదు. దిష్టి తగిలేట్టుంది నాకు."

"తగలాలనే. నెలనెలా ఇదే బల్ల మీద కూర్చోబెట్టి నీకు పునుగులు, జిలేబీ, మొన్నామధ్య బొబ్బట్టు, అన్నీ తినిపిస్తున్నా. ఎందుకనుకున్నావ్, ప్రేమ కారిపోయా? ఒక్కసారన్నా నీ షుగరు రెండొందలు దాటితే చూడాలని."

"స్నేహితుడంటే నువ్వేరా."

"దాటదే. పన్నెండేళ్ళ నించి నాకు షుగరు. ఉప్మా పిడికెడు, అన్నం గరిటెడు, పొద్దునా సాయంత్రం సూది. ఇంత చేస్తే నాకు రెండొందల అరవై. నీకొచ్చి రెండేళ్ళు. పునుగులు తిని తొంభై ఆరు. ఇదేం న్యాయంరా?"

"ఇంట్లో మా అనీసా పెట్టే తిండి అట్టాంటిది. అందుకని..."

"అదే, నేననేదీ అదే. జొన్నరొట్టె, మొలకెత్తిన పెసలు, నాలుగు రకాల ఆకుకూర. పొద్దున్నే ఆకుపచ్చ రసం. పెట్టే చెయ్యుంది, నీకేంరా. ఆ సంచిలో సీసా తియ్యి, దాచమాకు."

"దాచడమెందుకు. ఇదిగో."

"చూడు. తడిగుడ్డ చుట్టింది. పేట నించి ఇక్కడికొచ్చేలోపు బస్సులో రసం వేడెక్కుతదని సీసాకి తడిగుడ్డ చుట్టిన మనిషి. మా ఇంట్లో తడిగుడ్డంటే నేల తుడిచేదొక్కటే."

"తాగు. మొత్తం తాగేయ్. నేను తాగానని చెప్తాలే."

"నాకక్కర్లా. రక్తమిచ్చాక నిన్ను ముందు పంపి, నా జ్యూసు నేను తాగే వచ్చా."

"నీ జ్యూసేంది?"

"ఏం, నువ్వే తాగాలా? నేనూ మొదలెట్టా. ఆదివారం నించి. తిండి పూర్తిగా బందు. పొద్దున జ్యూసు, మధ్యాహ్నం జ్యూసు, రాత్రికి జ్యూసు."

"ఆదివారం నించా? ఇవ్వాళ గురువారంరా."

"నువ్వు క్యాలెండరు చదవమాకు. ఒళ్ళు ఎంత తేలిగ్గా ఉందో తెలుసా? బెల్టుకి కొత్త బెజ్జం పొడిచా నిన్న."

"నాలుగు రోజుల్లో బెల్టు బెజ్జమా? ఏం జ్యూసులు?"

"బత్తాయి. ద్రాక్ష. సాయంత్రం దానిమ్మ. సెంటర్లో బండి దగ్గర. పంచదార ఒక్క పలుకు వెయ్యనివ్వను. ఎదురుగా నిలబడి తీయిస్తా."

"పళ్ళరసంలో పంచదార వెయ్యడమెందుకురా, ఉన్నదే అది. మాది కాకరకాయ, కీరా, ఉసిరికాయ, గుప్పెడు పుదీనా. నోట్లో పెట్టుకుంటే చెవులు మూసుకుపోతయి."

"కాకరకాయ పిండాలంటే చెక్కు తియ్యాలి, గింజ తియ్యాలి, మిక్సీలో వెయ్యాలి, వడకట్టాలి, ఆ మిక్సీ కడగాలి. ఎవరు చేస్తారు? మా ఆవిడ ప్రేమకుమారి పోయి నాలుగేళ్ళయింది. మిక్సీ మూత అంతకు ముందే పోయింది, మూత బదులు తను పళ్ళెం పెట్టి అదిమి పట్టేది. నేను పడితే గోడంతా పచ్చబడింది."

"ఉషశ్రీకి చెప్పకపోయావా?"

"కంచికచర్ల నించి మా అమ్మాయి ఆదివారం ఆదివారం వచ్చి కూరలు చేసి ఫ్రిజ్జులో పెట్టి పోవడమే ఎక్కువ. దానికీ ఇల్లుంది, ఉద్యోగముంది. కాకరకాయలు కూడా పిండమంటానా? బండి వాడు మంచోడులే. నన్ను చూడంగానే గ్లాసు వేణ్ణీళ్ళతో కడుగుతాడు. అడక్కుండానే."

"గ్లాసు సంగతి సరే. సూది?"

"జయమణిగారూ, ఆ మంచినీళ్ళ జగ్గు ఇట్టా పంపండి."

"రత్నం. సూది సంగతి అడిగా."

"సూదేంది?"

"ఇన్సులిన్. తిండి మానేశావు కదా. సూది ఎంత వేసుకుంటున్నావ్?"

"అదీ మానేశా."

"ఏందీ?"

"అరవమాకు, బస్టాండులో జనం చూస్తున్నారు. మానేశా. ఆదివారం నించే. తిండి లేనప్పుడు సూది దేనికి?"

"నీకు చెప్పిందెవరు?"

"మీ పేటలోనే, కల్యాణమండపంలో మీటింగు పెట్టారుగా. సతీష్‌బాబు అని. రెండు గంటలు మాట్లాడాడు, మంచినీళ్ళు కూడా ముట్టకుండా. ఆకు, కాయ, రసం, అంతే. మందు మనిషికి శత్రువన్నాడు."

"సతీష్‌బాబా? మా టైర్ల షాపు పక్కన పురుగుమందులు అమ్మేవాడు, ఆ సతీష్‌బాబేనా?"

"ఇప్పుడు అమ్మట్లేదు."

"అదీ శత్రువేనని తెలిసిందా? ఒరే, ఆ మీటింగులో నీతోపాటు ఇంకెవరన్నా ఇన్సులిన్ వేసుకునేవాళ్ళున్నారా? ఆయన్నడిగావా, సూది మీదున్నోళ్ళ సంగతేందని?"

"అడగలా. అడగాల్సిన పని లేదు. నా కళ్ళముందు నువ్వున్నావు."

"నేనా?"

"నువ్వే. రెండేళ్ళ కింద ఇదే హోటల్లో నువ్వు చెప్పిన మాటే. 'నాకూ షుగరొచ్చిందిరా రత్నం, కానీ మాత్ర వేసుకోను, అనీసా రసం పోస్తంది, ఆకుకూర పెడతంది, తగ్గిపోయింది' అని. నెలనెలా కాయితం తెచ్చి ఊపావు. తొంభై ఆరు. నూట రెండు. తొంభై నాలుగు. రెండేళ్ళు చూశా. చూసి చూసి, ఎంతకాలం చూస్తాడ్రా ఒక మనిషి ఇంకో మనిషిని?"

"ఆ మాటలు... ఊరికే అన్నానురా."

"ఊరికే అంటారా షుగరు తగ్గిందని?"

"నా ఒళ్ళు వేరు, నీ ఒళ్ళు వేరు. లే, డాక్టరమ్మ దగ్గరికి పోదాం. యశస్వినిగారు పది గంటలకల్లా కూర్చుంటారు."

"అదిగో. బయటపడ్డావు."

"ఏం బయటపడ్డా?"

"నీకు ఏడుపు. నాకూ తగ్గుతుందని నీకు ఏడుపు. ఇన్నాళ్ళూ తొంభై ఆరు నీ ఒక్కడికేనాయె. పేట సెంటర్లో నిలబడి చెప్పుకోవడానికి నీకుంది, నాకు లేదు. ఇప్పుడు నాకూ వస్తే నీ గొప్పేం మిగులుద్ది?"

"నీకు తొంభై ఆరొస్తే పేటలో పలావు డేగిశా దించుతానురా, నా పేరు మీద. ఇంతకీ పరగడుపు రిపోర్టు నీ ఫోనుకొచ్చిందా?"

"రాలా."

"నాకొచ్చింది, తొంభై రెండు. ఇద్దరం ఒక్కసారే కదా ఇచ్చాం. నీ ఫోనేది?"

"ఛార్జింగు లేదు."

"వెలుగుతుందిగా జేబులో."

"ముస్తఫా, చెయ్యి తియ్యి. చొక్కా చిరుగుద్ది."

"చిరగనియ్. రత్నం, మూడొందల నలభై ఎనిమిది."

"మొదట్లో పెరుగుద్దన్నాడు. లోపలున్న చెడంతా బయటికొస్తదంట."

"మూడొందల నలభై ఎనిమిదిరా! ఏమీ తినకుండా. ఆ జగ్గు ఎన్నోది?"

"ఎండగా ఉంది."

"జయమణిగారూ, మావాడు ఎన్ని జగ్గులు తాగాడండీ?"

"మూడోదండి. మాస్టారు దొడ్లోకి కూడా నాలుగుసార్లు వెళ్ళొచ్చారు. నేనే అడుగుదామనుకుంటున్నా. అందుకే ఫ్యాను ఇటు తిప్పా."

"నాకోసం ఫ్యాను తిప్పారా జయమణిగారూ? థాంక్సండి. గాలి ఎక్కడిదా అనుకుంటున్నా."

"గాలి తర్వాత. ఆ బస్సు బోర్డు చదువు."

"ఏ బస్సు?"

"ఎదురుగా. ఎర్రది. పెద్దక్షరాలు."

"కంచికచర్ల."

"మైలవరం."

"అద్దాలు మార్చాలి."

"అద్దాలు కాదు, నీ కళ్ళలోకి పంచదార ఎక్కింది. నోరు ఎండిపోతుందా?"

"కొంచెం."

"కడుపులో తిప్పుతుందా?"

"నువ్వు పునుగులు తింటుంటే తిప్పదా?"

"జోకులెయ్యమాకు. లే. ఆటోలో పోదాం."

"నేను రాను. ఇంకో మూడు రోజులు. వారం పూర్తి కావాలి. వారానికి తగ్గకపోతే అప్పుడు నువ్వు చెప్పినట్టే వింటా."

"మూడు రోజుల తర్వాత వినడానికి నువ్వుండాలిగా."

"చస్తానా? నువ్వు నెలంతా రోజా ఉంటావు. పొద్దున్నించి ఉమ్మి కూడా మింగవు. షుగరున్నోడివి, నీకేమైంది? ఏం కాలా. నాకు మాత్రం నాలుగు రోజులకే అన్నీ అవుతయ్యా?"

"రోజా వేరు. రంజాన్ వస్తుందంటే ముందే పోయి డాక్టర్ని అడగాలి. ఏ మాత్ర తెల్లారుజాము సహరికి, ఏది సాయంత్రం ఇఫ్తారుకి, ఎంత తగ్గించాలి అని. మా అనీసా పదిహేను రోజుల ముందే పోయి మందు టైములన్నీ మార్పించుకుంటది."

"అనీసా దేనికి మార్పించుకోవడం?"

"అదే... నాకోసం."

"నువ్వు మాత్రలే వేసుకోవుగా."

"జయమణిగారూ, పచ్చడి ఇంకాస్త వెయ్యండి."

"ముస్తఫా. నువ్వు మాత్రలే వేసుకోనన్నావుగా. ఏ మందు టైము మారుస్తారు?"

"టీ చల్లారిపోతుంది."

"ఓహో. అర్థమైంది. నువ్వు మాత్రలేసుకుంటున్నావు. చాటుగా. నా దగ్గర మాత్రం రసం, రసం అని కోతలు. రెండేళ్ళ నించి నన్ను వెర్రివాణ్ణి చేశావు."

"వేసుకోవట్లేదురా. మా అమ్మ మీద ఒట్టు."

"మరి?"

"నాకు షుగరు లేదు."

"అదేగా నేననేది. తగ్గిపోయింది. మాత్ర లేకుండా తగ్గిపోయింది. నాకూ తగ్గుద్దంటే లేవమంటావేంది?"

"తగ్గలేదురా."

"తగ్గకపోతే తొంభై రెండెట్టా వస్తది ఇవ్వాళ?"

"తగ్గలేదు. రాలేదు. నాకు షుగరు ఎప్పుడూ రాలేదు."

"ఏంది?"

"ఎప్పుడూ లేదు. రెండేళ్ళ కింద లేదు, ఇవ్వాళా లేదు. అందుకే పునుగులు తిన్నా, జిలేబీ తిన్నా, నువ్వు కసికొద్దీ తినిపించిన బొబ్బట్లు తిన్నా ఏం కాలా. నువ్వనుకున్నట్టు రసం మహిమా కాదు, నా అదృష్టమూ కాదు. జబ్బు లేనోడికి జబ్బు తగ్గడమేందిరా?"

"నెలనెలా నాతో వచ్చి రక్తం ఇస్తున్నావు."

"ఇస్తున్నా."

"రక్తానికి డబ్బులు కడుతున్నావు. పొద్దున్నే పేటలో బస్సెక్కి పరగడుపున వస్తున్నావు."

"వస్తున్నా."

"లేని జబ్బుకి."

"లేని జబ్బుకే."

"పిచ్చా నీకు?"

"జబ్బు అనీసాకిరా."

"అనీసాకా?"

"అనీసాకుంది. రెండేళ్ళ కిందే బయటపడింది. మూడొందల పైన. నీకు చెప్పా కూడా."

"నాకా? ఎప్పుడు?"

"ఫోన్లో. 'ఈ వయసులో ఆడాళ్ళకి ఏదో ఒకటి ఉంటదిలే, టీలో పంచదార తగ్గించమను' అన్నావు. ఆ తర్వాత నీ సూది గురించి అరగంట చెప్పావు."

"అన్నానా? అని ఉంటాలే."

"డాక్టరు మాత్రలిచ్చాడు. తిండి మార్చమన్నాడు. అన్నం తగ్గించు, మాంసం తగ్గించు, పప్పులు, కూరలు, ఆకులు ఎక్కువ తిను అన్నాడు. సరేనంది. ఇంటికొచ్చి మామూలుగానే పలావు వండింది. ఏందంటే, 'నా ఒక్కదానికి వేరే పొయ్యి వెలిగించాలా' అంటది. నేను తిని, మా అబ్బాయి అయూబ్ తిని, మిగిలింది తను తింటది. మిగిలింది పలావైతే పలావు, షీర్‌ఖుర్మా అయితే షీర్‌ఖుర్మా. పారెయ్యదుగా. తిట్టా. బతిమాలా. పిల్లల చేత చెప్పించా. 'నాకేం కాదులే' అంటది. కాలికి చెప్పు కొరికిన పుండు నెలైనా మానలా. అయినా నాకేం కాదులే."

"అందుకని?"

"అందుకని ఒకరోజు పోయి మంచం మీద పడుకున్నా. నాక్కూడా వచ్చింది అనీసా, నీకంటే ఎక్కువ ఉందంట, ఆకులు తినకపోతే కాళ్ళు తీసేస్తారంట అని చెప్పా. కాళ్ళు తీసేస్తారన్నది కొంచెం ఎక్కువైంది."

"కొంచెమేనా?"

"మర్నాడు తెల్లారేసరికి బజారు నించి బుట్టెడు కాకరకాయలొచ్చినయిరా. ఎవర్ని అడిగిందో, ఏం చదివిందో. జొన్నలు మరపట్టించింది. నాకోసమంటే చేస్తది. వండింది తనూ తింటది. నేను గ్లాసు ఎత్తితే తనూ గ్లాసు ఎత్తుతది. నేను మొహం చిట్లిస్తే 'తాగండి, అంతా ఒక్క గుక్కలో' అంటది. నాకు ధైర్యం చెప్పడానికి తను ముందు తాగుతది. ఆర్నెల్లకి ఆవిడ డాక్టరే మాత్రలు సగం చేశాడు. ఆయన చేశాడు, చూసి, రక్తం పరీక్ష చేయించి. మా అంతట మేం మానలా. ఆ పుండు కూడా మానింది."

"నాకెందుకు చెప్పలా?"

"నీ నోట్లో నువ్వుగింజ నానదు. అనీసాకి వారానికోసారి ఫోన్ చేసి కూరలెట్టా చెయ్యాలో అడుగుతావు. ఎప్పుడో ఒకప్పుడు జారుద్ది. పేటలో రక్తమిస్తే ఆ ల్యాబు వాడు మా బావమరిది సలీం దోస్తు. అందుకే నీతో వచ్చి ఇక్కడ ఇస్తున్నా. కాయితం ఇంటికి పట్టుకెళ్ళి, ఇంకా కొంచెం ఉందంట అని చెప్పి చింపేస్తా."

"తొంభై ఆరు నాకు మాత్రం చూపించావు."

"అదే తప్పయింది. నీ మొహం అట్టా మాడిపోతుంటే సరదాగా ఉండేదిరా. చిన్నప్పుడు లెక్కల్లో నీకు తొంభై, నాకు ముప్పై. ఇన్నేళ్ళకి నాకు తొంభై వచ్చింది కదా అని ఊపా. ఆ ఊపిన కాయితం చూసి నువ్వు సూది మానేస్తావని నాకేం తెలుసు."

"రెండేళ్ళు బిర్యానీ మానేశావు."

"ఇంట్లో మానేశా. ఇక్కడ నువ్వున్నావుగా."

"నవ్వించమాకు. నోరు ఎండిపోయి పెదాలు పగులుతున్నయి."

"అయితే లే. నీకు లేని తొంభై ఆరు నాకుందని సూది మానేశావు. ఇప్పుడు అది దొంగ తొంభై ఆరని తెలిసింది. ఇంకేంది అడ్డం?"

"అడ్డమేం లేదు."

"మరి మొహం అట్టా పెట్టావేంది?"

"ఇందాకటికంటే ఇప్పుడు ఇంకా కుళ్ళుగా ఉందిరా నిన్ను చూస్తే."

"షుగరు లేనందుకా?"

"కాదులే."

"మరి దేనికి?"

"చెప్పినా నీకు తెలవదు. సూదులు ఫ్రిజ్జులో ఉన్నయి. పారెయ్యలా. పారెయ్యబోతే ఉషశ్రీ తిడుతుందని కూరల వెనకాల దాచా."

"బతికించావు. కానీ ఇంటికి కాదు, ముందు డాక్టరమ్మకి చూపించాలి. ఇన్ని రోజులు మానేశాక ఎంత వేసుకోవాలో నీకూ తెలవదు, నాకూ తెలవదు. నేను పోయి చీటీ రాయించి, ఆటో పట్టుకొస్తా. నువ్వు కదలమాకు. జయమణిగారూ, కాస్త మావాణ్ణి చూస్తుండండి. ఇంకో బత్తాయి రసం అడిగితే చెయ్యి విరగ్గొట్టండి."

"అట్టాగేనండి. మీ ఫోను ఇక్కడే మర్చిపోతున్నారు."

"ఛార్జింగులో ఉండనీండమ్మా. రెండు నిమిషాల్లో వస్తా."

"ముస్తఫా."

"ఏందిరా?"

"ఏం లేదు. పో. ఎండలో పరిగెత్తమాకు. నీకు షుగరు లేకపోయినా వయసుంది."

"మాస్టారూ, ఫోను మోగుతుందండి. మీ స్నేహితుడిది."

"ఎవరండీ? నాకు అక్షరాలు ఆనట్లా."

"అనీసా అని ఉంది."

"ఇటివ్వండి. హలో, చెప్పమ్మా. నేను, రత్నాన్ని."

"అన్నయ్యగారా? మీ ఫ్రెండు లేరా?"

"ఇప్పుడే వస్తాడమ్మా. డాక్టరు దగ్గర చీటీకి పోయాడు."

"ఎవరికి? ఆయనకేమన్నా అయిందా?"

"వాడికేం కాలా. నాకు. నాలుగు రోజుల నించి సూది మానేసి పళ్ళరసాలు తాగా. మూడొందల నలభై ఎనిమిదుంది. నన్ను తిట్టి లేపాడు."

"అయ్యో అన్నయ్యా. సూది మానడమేందన్నయ్యా, చదువుకున్నోళ్ళు. నన్నడక్కపోయారా? నేను ఒక్క మాత్ర తగ్గించాలన్నా డాక్టరు ముందు కూర్చుంటాగా."

"బుద్ధొచ్చిందమ్మా. పోతున్నాం ఇప్పుడు."

"మీరు ఎవరి మాటా వినరుగా. వదిన ఎప్పుడూ అనేది. ఇప్పుడెట్టా విన్నారు?"

"గట్టిగా చెప్పాడు."

"ఏం చెప్పారు?"

"ఏముందమ్మా. నా ఒళ్ళు వేరు, నీ ఒళ్ళు వేరన్నాడు."

"అంతేనా?"

"అంతే. ఇంకేముంటది?"

"తనకి షుగరు లేదని చెప్పారా?"

"అదేందమ్మా, లేకపోవడమేంది. వాడికి ఉంది కదా. బాగా ఉంది. ఇవ్వాళ కూడా కొంచెం ఎక్కువే వచ్చింది. నేను కళ్ళారా..."

"అన్నయ్యా. మీకు అబద్ధమాడటం రాదు. అది కూడా వదినే చెప్పింది."

"అంటే నీకు తెలుసా?"

"నాకు మొదటి నెలలోనే తెలుసన్నయ్యా. బండి సైలెన్సరు తగిలి ఆయన పిక్క బొబ్బెక్కింది. నా కాలి పుండు నెల రోజులకీ పచ్చిగానే ఉంది. ఆయన బొబ్బ వారం తిరక్కుండా మాని పొక్కు రాలిపోయింది. షుగరున్న ఒళ్ళు అట్టా మానదుగా."

"తెలిసీ వాడిచేత కాకరకాయ రసం తాగిస్తున్నావా?"

"మొదట్లో పాపమనిపించింది. గ్లాసు పట్టుకుని ఆయన కళ్ళు మూసుకుంటారు చూడండి, పసిపిల్లాడు ఆముదం తాగినట్టు. చెప్పేద్దామని రెండుమూడు సార్లు నోటిదాకా వచ్చింది."

"మరి చెప్పకపోయావా, తల్లీ?"

"చెప్తే మానేస్తారు."

"మానేస్తే నీ పథ్యం చెడుతుందనా?"

"కాదన్నయ్యా. నాకు అలవాటైపోయింది, ఇప్పుడు ఒక్కదాన్నే ఉన్నా చేసుకోగలను."

"మరింకేంది?"

"ఇరవై తొమ్మిదేళ్ళు ఆయన తిని లేచాక, పిల్లలు తిని లేచాక, వంటగదిలో నిలబడి తిన్నదాన్ని. ఎదురెదురుగా కూర్చుని కలిసి తింటున్నది ఈ రెండేళ్ళేనన్నయ్యా. మీరు మాత్రం నాకు తెలుసని ఆయనకి చెప్పమాకండి."